కొండచలిలో లారీ

చలిదేశములనగానే మనకు సైబీరియా, కెనడా, మన దేశమున లడాఖ్ స్ఫురించును. తెలుగునాట చలి యనునది సామాన్యముగా సుఖమునకే ఉపకరణము. తెల్లవారుజామున దుప్పటి మునుగుబెట్టి, వేడి కాఫీ త్రాగి, "ఈ యేడు చలి కొంచెము హెచ్చే సుమా" అని పలుకుకొనుటతో దాని కథ ముగియును. మాఘమాసపు చలికి మ్రాకులు వణకునని మన పెద్దలు సామెత చెప్పిరి గాని, ఆ మ్రాకుల సరసన ఇనుమును, చమురును కూడ చేర్చుకొనవలసిన చోటు మనకు కూతవేటు దూరముననే కలదు. సాలూరు నుండి కనుమ నెక్కి, సుంకి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్ చేరు మార్గమున పుష్యమాసపు రాత్రులయందు లారీ నడిపినవారి నడిగినచో, చలి యనగానేమో వారు చెప్పుదురు. ఉష్ణమాపకమున కనుపించు అంకె పెద్దది కాదు. అది చేయు పని పెద్దది.

నా బాల్యము సాలూరున గడచినది. మా నాన్నగారు స్వంత లారీని స్వయముగా నడుపుకొనువారు. మా వీధిలో పిల్లలు అక్షరములతో పాటు పానాల నంబర్లను కూడ నేర్చుకొనెడివారు. కావున ఈ వ్యాసమున నేను చెప్పబోవునది గ్రంథములలో చదివినది కొంత, ఇంటిలో విన్నది కొంత, కన్నులార చూచినది కొంత.

ఈ మార్గము తెలుగువారికి క్రొత్తది కాదు. కోరాపుట్, రాయగడ ప్రాంతములు 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడు వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో అంతర్భాగములు. జయపురము సంస్థానాధీశులైన విక్రమదేవ వర్మగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలు విరాళమిచ్చిన సంగతి సువిదితము. రాయగడకు 1931లో పూర్తియైన విజయనగరము–రాయపూరు రైలుమార్గము అందినది. కోరాపుట్ పీఠభూమికి మాత్రము 1960ల చివర కొత్తవలస–కిరండూల్ మార్గము వచ్చునంతవరకు రైలు లేదు. బొబ్బిలి నుండి వచ్చిన చిన్న శాఖామార్గము సాలూరు వద్ద ఆగిపోయెడిది. అచ్చటినుండి ఉప్పు, కిరసనాయిలు, బట్ట పైకి పోవలెనన్నను, పైనుండి ధాన్యము, అల్లము, చింతపండు క్రిందికి రావలెనన్నను మొదట బండ్లు, పిదప లారీలే గతి. సాలూరు లారీల ఊరుగా పేరొందుటకు ఇదియే కారణము. కొండ యెక్కుటయే దానికి జీవనము.

ఆ కొండ ఎంత? సాలూరు సముద్రమట్టమునకు సుమారు 120 మీటర్ల ఎత్తున నున్నది. కోరాపుట్ పట్టణము సుమారు 870 మీటర్ల ఎత్తున నున్నది. పొట్టంగి ప్రాంతమున నున్న దేవమాలి శిఖరము 1,672 మీటర్లతో ఒడిశా రాష్ట్రమునకెల్ల ఎత్తైనది. ప్రతి వేయి మీటర్లకు గాలి ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు చల్లబడునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ లెక్కన సాలూరుకును కోరాపుట్‌కును నడుమ ఐదు డిగ్రీల భేదము మాత్రమే యుండవలెను. కాని రాత్రియందు జరుగునది వేరు. మబ్బు లేని శీతకాలపు రాత్రి నేల తన వేడిమిని ఆకాశమునకు వదలివేయును. నేలకు తాకిన గాలి చల్లనై బరువెక్కి, నీరువలె పల్లమునకు జారి, లోయలలో మడుగు కట్టును. అందువలన ఒకే ఊరిలో మిట్టపైనున్న యింటికంటె వాగు ప్రక్కనున్న యిల్లు ఎక్కువ చల్లగా నుండును. సెమిలిగుడ, పొట్టంగి పల్లములలో కొన్ని సంవత్సరములు తెల్లవారునప్పటికి గడ్డిపై మంచు పేరుకొని తెల్లగా కనుపించుట అందరెరిగినదే. కోరాపుట్ నుండి లక్ష్మీపూర్ మీదుగా రాయగడకు దిగినచో మరల చలి సడలును. నాగావళీ తీరమున నున్న రాయగడ సుమారు 200 మీటర్ల ఎత్తు మాత్రమే. అనగా లారీ ఒక్క రాత్రిలో రెండు ఋతువులను దాటును. చిక్కు ఇచ్చటనే పుట్టుచున్నది. మైదానమున నింపిన చమురుతో, మైదానమున పోసిన ఇంజను ఆయిలుతో, మైదానపు చొక్కాతో మనుజుడు మూడు నాలుగు గంటలలో మరియొక లోకమున దిగును.

డీజిలు ఇంజను స్వభావమును రెండు మాటలలో చెప్పవలెను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును వెలిగించును. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరమున రుడాల్ఫ్ డీజిల్ జయప్రదముగా నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని పదునారు, పదునేడు వంతులు కుదించి నొక్కినచో అది తనంతట తానే ఐదువందల డిగ్రీలకు మించి వేడెక్కును. అందులోనికి నాజిలు నుండి చిమ్మబడిన చమురు దానియంతట అదే మండును. ఈ ఏర్పాటంతయు వేడిమిపై ఆధారపడినది. చలివేళ సిలిండరు గోడలు ఆ వేడిమిని దొంగిలించును. ఇంజను చురుకుగా తిరిగినచో గోడలకు దొంగిలించు వ్యవధి చాలదు. నెమ్మదిగా తిరిగినచో దొంగతనము పూర్తియగును. కావున చలిలో డీజిలు ఇంజనుకు కావలసినది వేగముగా తిరుగుట. చలి మొట్టమొదట హరించునది ఆ వేగమునే.

దానికి రెండు మార్గములు కలవు. మొదటిది బ్యాటరీ. అందలి రసాయనచర్య చలికి మందగించును. మైదానమున నిండుబలముతో నున్న బ్యాటరీకి సున్న డిగ్రీల వద్ద అయిదవ వంతు బలము తగ్గునని లెక్క. పాతబడిన బ్యాటరీ అయినచో చెప్పనక్కరలేదు. రెండవది ఇంజను ఆయిలు. చల్లబడినకొలది అది పాకమువలె చిక్కబడి, తిరుగవలసిన దండమును పట్టుకొని విడువదు. బలము తగ్గినవానికి బరువు పెరిగినట్లయినది. సెల్ఫు కొట్టగానే ఇంజను రెండుమార్లు మూలిగి ఊరకుండును. కొన్ని పాత బండ్లకు డ్రైవరు ఎదుట ఒక చిన్న తీగచుట్ట ఎర్రబడి, లోపల హీటరు ప్లగ్గులు కాగినవని తెలుపుచుండెడిది. టెల్కో సంస్థ 1954లో జర్మనీ దేశపు డైమ్లర్–బెంజ్ సహకారముతో లారీల నిర్మాణము ప్రారంభించినది. ముఖమున మూడుకోణముల నక్షత్రము ధరించిన ఆ బండ్లు 1969 వరకు వెలువడినవి. మా వీధి ముసలి డ్రైవర్లు ఆ తీగ ఎర్రబడువరకు కన్నార్పక చూచుటను దీపారాధన మనుచుండిరి.

మూడవ చిక్కు చమురుదే. డీజిలులో మైనమువంటి పదార్థము కరగియుండును. చల్లబడినపుడు అది చిన్న రేకులుగా విడివడి మొదట చమురును మబ్బుగా చేయును, పిదప ఫిల్టరును మూసివేయును, తుదకు చమురునే కదలనీయదు. భారతీయ ప్రమాణసంస్థ వారి నిబంధనలలో డీజిలునకు శీతకాలమునకొక కొలత, తక్కిన కాలమునకొక కొలత కలవు. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు అమ్మునది 6 డిగ్రీల వరకు ఫిల్టరులో నడువవలెను. తక్కిన నెలలలో 18 డిగ్రీల వరకు నడచిన చాలును. పారుట మానరాని హద్దు శీతకాలమున 3 డిగ్రీలు, తక్కిన కాలమున 15 డిగ్రీలు. చమురు సాధారణముగా ఈ హద్దులకంటె మేలుగనే యుండును. అయినను అక్టోబరులో నింపి, ఏ పనియు లేక నిలిపిన బండిని డిసెంబరులో కొండపైకి తోలుకొనిపోయినవానికి ఈ అంకెల అర్థము పొట్టంగి పల్లమున తెల్లవారుజామున బోధపడును. బండి కదలినను నాలుగు మైళ్ళు పోయి, దగ్గి, ఆగిపోవును. మూయబడిన ఫిల్టరు గుండ పంపు చమురును లాగజాలక, సందులగుండ గాలిని లాగును. గాలి చొచ్చిన గొట్టములో చమురు నడువదు. అప్పుడు ఫిల్టరుపైనున్న మరను సడలించి, చేతిపంపును కొట్టుచు, నురుగు పోయి తేటచమురు వచ్చువరకు "ఎయిరు" తీయవలెను. మొద్దుబారిన వ్రేళ్ళతో ఇనుపపానాను పట్టుకొని ఆ పని చేసినవారి చేతులనే చూడవలెను.

ఇట్టి చిక్కులకు మా వీధివారు కనిపెట్టిన ఉపాయములు సామాన్యములైనను శాస్త్రసమ్మతములు. రాత్రి నిలుపునపుడు లారీని పల్లమున గాక మిట్టపై, ముఖము వాలువైపుగా నిలిపి, చక్రములకు రాళ్ళు పెట్టెడివారు. తెల్లవారి సెల్ఫు పలుకనిచో రాళ్ళు తీసి, క్లచ్చి నొక్కి, రెండవ గేరులో దొర్లించి, వేగమందుకొనగానే క్లచ్చి విడిచిన చాలును. కొండయే ఇంజనును త్రిప్పును. మిట్టపై చలి తక్కువ యగుటవలన లాభము రెట్టింపు. సాయంకాలమే ట్యాంకు నిండ చమురు పోయించెడివారు; ఖాళీ ట్యాంకులో నిండిన తేమగాలి రాత్రి చల్లబడి గోడలపై నీటిబిందువులై చమురులో కలియునని వారికి తెలియును. ఫిల్టరు అడుగున చేరిన నీటిని, బ్రేకుల గాలిసిలిండరులో చేరిన నీటిని ప్రతిదినము వదలెడివారు. ఈ రెండవ పని ఏమరినచో దాని ఫలితము కొండ యెక్కునపుడు కాక, సుంకి మలుపులు దిగునపుడు తెలియును. రేడియేటరు ముందు గోనెపట్టా వ్రేలాడదీయుట, బ్యాటరీపెట్టెపై పాతకంబళి కప్పుట, మొద్దుబారిన ఫిల్టరుకు వేడినీట ముంచిన గుడ్డ చుట్టుట — ఇవియన్నియు క్లీనరుకు మొదటి సంవత్సరపు పాఠములు. గుడ్డ చుట్టవలెనే గాని మరుగునీరు పోయరాదు. చల్లని లోహముపై హఠాత్తుగా వేడి పడినచో బీటవారును. సూక్ష్మమైన ఇంజెక్షను పంపుపై నైనచో బొత్తిగా కూడదు.

కూడని పనులును కొన్ని కలవు. ట్యాంకు క్రింద గడ్డి మంట వేయుట వానిలో మొదటిది. చమురుతడి పట్టిన ఇనుము, గాలికి ఎగయు మంట, టైర్ల రబ్బరు — ఇవి మూడును ఒకచోట చేరరాదని వేరుగా చెప్పనక్కరలేదు. రెండవది కిరసనాయిలు కలుపుట. అది చమురును పలుచచేసి మైనము కట్టకుండ ఆపుననుట నిజమే. కాని డీజిలునకు గల జిడ్డు దానికి లేదు. పంపులోని భాగములు ఆ జిడ్డుతోనే అరుగకుండ నిలుచును. పైగా చట్టము దానిని నిషేధించినది. ఒక ప్రొద్దు గడపుటకు ఒక పంపును చంపుకొనుట తెలివి కాదని మా నాన్నగారు చెప్పెడివారు.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి కలదు. 1974 పుష్యమాసమున నేను ఇంటర్మీడియెటు చదువుచు, సెలవులకు నాన్నగారి బండిలో కొండపైకి పోయితిని. సెమిలిగుడలో అల్లము, క్యాబేజీ ఎత్తించుకొని తెల్లవారి విజయనగరము బజారుకు చేర్చవలెను. ఎత్తుడు ఆలస్యమై, రాత్రి ఒంటిగంట దాటినది. పొగమంచు దట్టమై కనుమ దిగుటకు వీలులేకపోయినది. దారిప్రక్కనున్న టీదుకాణము మిట్టపై చోటంతయు ముందు వచ్చిన బండ్లతో నిండియుండెను. మా బండిని వాగుకు చేరువ పల్లములో నిలుపవలసివచ్చినది. నాన్నగారు చోటును చూచి తల పంకించిరి గాని, వేరు దారి లేదు.

నాలుగున్నర గంటలకు ఆయన సెల్ఫు కొట్టిరి. ఇంజను రెండుమార్లు తిరిగి ఆగినది. మూడవమారు కొట్టలేదు. బ్యాటరీకి కొంత ఊపిరి మిగుల్చవలెనని చెప్పి, తాడు కట్టి లాగుటకు ప్రక్క బండివారిని లేపుదమని దిగిరి. నేను లాంతరు పట్టుకొని వెంట నడచితిని. మాకు చేరువనే నిలిచిన లారీ పార్వతీపురము వైపుది. దాని అద్దములన్నియు బిగించి యుండెను. తలుపు తట్టినను, పేరుతో పిలిచినను పలుకు లేదు. నాన్నగారు అద్దముపై పట్టిన ఆవిరిని బయటినుండి తుడువబోయి, అది లోపలిదని గ్రహించి, లాంతరు పైకెత్తుమనిరి. లోపల కాళ్ళదగ్గర ఒక మట్టికుంపటిలో బొగ్గులు మినుకుమినుకు మనుచుండెను.

ఆయన మరి మాటాడలేదు. మా బండినుండి జాకీరాడ్డు తెచ్చి అద్దము పగులగొట్టి, గొళ్ళెము తీసిరి. లోపల డ్రైవరు, పదునైదేండ్ల క్లీనరు అబ్బాయి ఒకే దుప్పటిలో ముడుచుకొని పడియుండిరి. అబ్బాయి సెమిలిగుడ ప్రాంతపు పరజా గ్రామమువాడు. ఇద్దరిని దింపి బయట గోనెలపై పడుకొనబెట్టితిమి. టీదుకాణమువారు, తక్కిన డ్రైవర్లు పరుగెత్తి వచ్చిరి. అంతవరకు అందరము తిట్టుకొనిన ఆ చలిగాలియే అప్పుడు మందయినది. కొంతసేపటికి అబ్బాయి వాంతి చేసుకొని కన్ను తెరచెను. డ్రైవరుకు తెలివి వచ్చుటకు ఇంకను ఆలస్యమైనది. కోరాపుట్ వైపు పోవుచున్న మొదటి బండిలో నాన్నగారే వారిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోయిరి. ఇద్దరును బ్రదికిరి.

బొగ్గు చాలినంత గాలి లేక కాలినపుడు పుట్టు కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో నెత్తురును అంటుకొనును. తలనొప్పి, బడలిక, నిద్ర — ఇంతే దాని లక్షణములు. చలిరాత్రి పనిచేసి అలసినవానికి ఇవి యనుమానము కలిగించునవి కావు. ఇంజను వదలివేసి, అద్దములు మూసికొని, వెచ్చదనము కొరకు పడుకొనినను ప్రమాదము ఇట్టిదే. పొగగొట్టమునకు ఎచ్చటనైన చిల్లి యున్నచో ఆ వాయువు క్యాబినులోనికి వచ్చును. వెచ్చదనము బయటనుండి తెచ్చుకొని, పొగను బయటనే వదలవలెను. కుంపటి బయట, కంబళి లోపల — ఇది ఆనాటినుండి మా బండి ఆచారము.

నాన్నగారు తిరిగివచ్చునప్పటికి తొమ్మిది దాటినది. ఎండ వచ్చి గడ్డిపై తెలుపు కరగిపోయెను. క్లీనరు ఫిల్టరుకు వేడిగుడ్డ చుట్టి, చేతిపంపుతో ఎయిరు తీసి సిద్ధముగా నుంచెను. సెల్ఫు మొదటిదెబ్బకే ఇంజను అందుకొనినది. విజయనగరపు బజారు అప్పటికి ముగిసినది; క్యాబేజీ ధర పడిపోయి, వ్యాపారి బాడుగలో కోత పెట్టెను. ఆ దిగులుతో క్లీనరు, "ఏటి గురూ, పొద్దున్నే ఆలని ఎవులికో ఒప్పచెప్పేసి మనం ఎల్లిపోతే సరకు అందును గదా" అనెను. నాన్నగారు స్టీరింగుపై చేయివేసి చెప్పిన మాట నేను మరువలేదు: "బండి సలికాగితే ఎండొచ్చాక కదుల్తాదిరా. మనిసి ఆగిపోతే మరి కదలడు."

ఈ మాటను నేను తరువాత అనేకమారులు తలపోసితిని. ఆ డ్రైవరు అవివేకి కాడు. కనుమను నూరుమారులు ఎక్కి దిగినవాడు. తన ఇంజనుకు చలి ఏమి చేయునో, దానికి విరుగుడేమో మా నాన్నగారితో సమానముగా తెలిసినవాడు. ఆ రాత్రి అతని రేడియేటరుకు గోనెపట్టా కట్టియుండెను. బ్యాటరీపై కంబళి యుండెను. ఇద్దరు మనుషులకు మాత్రము ఒకే దుప్పటి యుండెను. యంత్రమునకు చలి తగులకుండ చేసిన ఏర్పాటు మనిషికి చేయలేదు. యజమాని బాడుగ లెక్కలో చమురుకు, టైరుకు, ఆయిలుకు పద్దు కలదు. కంబళికి పద్దు లేదు. మైదానమున కూర్చుండి లెక్క వ్రాయువానికి కొండచలి కనుపడదు.

అతిశీతల దేశములలో ఈ పద్దు తప్పనిసరి యగుటవలన అచ్చటివారు దానిని మొదటనే వ్రాసికొనిరి. సైబీరియాలో చలి మిక్కుటమైన రోజులలో ఇంజనును రాత్రియంతయు ఆర్పక నడిపించుట కలదు. కెనడాలోను, అమెరికా ఉత్తరభాగములోను ఇంజనుదిమ్మకు విద్యుత్తుహీటరును అమర్చి, రాత్రి ఇంటి గోడలోని ప్లగ్గునకు తగిలింతురు. శీతకాలమున మైనము తక్కువగా నుండు పలుచని డీజిలును కలిపి అమ్ముదురు. లారీలోనే పడకగదియు, ఇంజనుతో పనిలేని చిన్న హీటరును, దాని పొగ వెలుపలకు పోవు గొట్టమును అమర్తురు. మన దేశమున లడాఖ్ వంటి ప్రాంతములకై ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో ప్రత్యేకమైన శీతకాలపు డీజిలును విడుదల చేసినది. అది సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు పారుట మానదు. అంతకు పూర్వము అచ్చటి డ్రైవర్లును మనవారివలెనే కిరసనాయిలు కలుపుకొనువారు. చలి సున్నకు దిగువ ముప్పది డిగ్రీలైనచో ప్రభుత్వమునకు, సంస్థలకు కనుపించును. సున్నకు ఎగువ నాలుగైదు డిగ్రీల చలికి ఆ గౌరవము లేదు. అది ఏడాదికి ఇరువది ముప్పది రాత్రులు మాత్రము వచ్చి, ఎవరికి తగులునో వారికే తగిలి, వార్తలలో ఒక మంచు ఛాయాచిత్రమై వెళ్ళిపోవును.

నేటి లారీలు మారినవి. 2020 ఏప్రిలు నుండి దేశమంతట భారత్ స్టేజ్ ఆరవ ప్రమాణము అమలులోనికి వచ్చినది. చమురును అతిసూక్ష్మముగా, ఎలక్ట్రానిక్ ఆజ్ఞలపై చిమ్ము క్రొత్త ఇంజనులు చలిలోను సులువుగా అందుకొనును. అయితే అవి బ్యాటరీని మునుపటికంటె ఎక్కువగా నమ్ముకొనినవి. బ్యాటరీ చచ్చినచో వాలున దొర్లించుట అను పాతవిద్య వానియందు పనికిరాదు. నీటికి, మలినమునకు వాని పంపులు మునుపటికంటె సుకుమారములు. కావున ట్యాంకు నింపుట, నీరు వదలుట, బ్యాటరీని వెచ్చగా నుంచుట ఇప్పటికిని మానరాని ధర్మములే. దామన్‌జోడి, సునాబెడ పరిశ్రమలకు, రాయగడ సమీపమున 1962 నుండి నడుచుచున్న కాగితపు మిల్లుకు సరకు మోయు లారీలు ఈనాడును ఈ కొండలపై రాత్రింబగళ్ళు తిరుగుచున్నవి. కొన్నిటిలో క్యాబిను మంచముతో కూడ వచ్చుచున్నది. అనేకము బండ్లలో మాత్రము డ్రైవరు సీటుపై, క్లీనరు ఇంజను మూతపై పడుకొనుట మారలేదు. ఆ మూత మొదటి గంట వెచ్చగా నుండును, పిదప చల్లబడును. కుంపటి ఆలోచన వచ్చునది ఆ రెండవ గంటలోనే.

ఈ సంచికను చదువువారిలో లారీల యజమానులు, వర్తకులు, పెట్రోలు బంకుల నిర్వాహకులు ఉందురు. కోరాపుట్, రాయగడ తెలుగువారు దేవాలయములకు, విద్యాలయములకు, అన్నదానములకు ఉదారముగా ఇచ్చువారు. శీతకాలమున దుప్పట్లు పంచుటయు మనకు అలవాటే. ఆ దుప్పట్లలో కొన్నిటిని కనుమ మొదట నిలిచి, పైకి పోవు బండ్లలో ఒక్కొక్క క్లీనరుకు ఒక్కొక్కటి చొప్పున అందింపవచ్చును. సుంకి వద్ద, సెమిలిగుడ వద్ద, లక్ష్మీపూర్ మార్గమున, మిట్టపై, వాలుకు అభిముఖముగా పది లారీలు నిలుచునంత చోటును, నలుగురు పండుకొనుటకు గాలి ఆడు చిన్న షెడ్డును ఏర్పరచుట పెద్ద వ్యయము కాదు. బంకు గోడపై తెలుగున, ఒడియాలో రెండు పంక్తులు వ్రాయించుటకు అసలు వ్యయమే లేదు: మూసిన క్యాబినులో నిప్పు పెట్టరాదు, నిలిపిన బండిలో ఇంజను వదలి నిదురపోరాదు.

చదువు రాని డ్రైవర్లు తరతరములుగా పోగుచేసిన జ్ఞానమును మనము సంస్కృతిగా లెక్కించుట లేదు. కూచిపూడి, కర్ణాటక సంగీతము మన సంస్కృతియే. వానిని గూర్చి ఈ సంచికలో విద్వాంసులు వ్రాసియుందురు. కొండపై చలిరాత్రి బండిని ఎచ్చట నిలుపవలెను, ఏ దిక్కుకు ముఖము పెట్టవలెను, తెల్లవారుజామున ఎవరి తలుపు ముందు తట్టవలెను అనునదియు తెలుగువారు ఈ ఘాటులో నేర్చి, ఒడియా, దేసియా మాటలాడు తమ క్లీనర్లకు నేర్పిన విద్యయే. నాన్నగారు కాలము చేసి చాల యేండ్లయినది. ఆ పరజా అబ్బాయి తరువాత స్వయముగా డ్రైవరై చాలకాలము ఈ మార్గముననే నడిపెను. రాత్రి ఏ టీదుకాణము వద్ద బండి నిలిపినను, తాను పడుకొనుటకు ముందు తక్కిన బండ్ల తలుపులను ఒక్కొక్కటిగా తట్టి, అద్దము రెండంగుళములు దించుడని చెప్పి వచ్చుట అతని అలవాటని తక్కిన డ్రైవర్లు నాకు చెప్పిరి.